'హీ ఈజ్ లాకోనిక్' అని రాస్తే సున్నా

ఇంగ్లీషు పరీక్ష పేపర్లో ఎప్పుడూ ఒక ప్రశ్న ఉండేది. నాలుగైదు పదాలిచ్చి వాటిని సొంత వాక్యాల్లో ప్రయోగించమనేవారు. అర్థం తెలియకపోయినా మార్కులు కొట్టేసే ఉపాయం ఒకటి సీనియర్ల నుంచి జూనియర్లకు అందుతూ వచ్చేది. 'ఐ డోంట్ నో ది మీనింగ్ ఆఫ్' అని రాసి, చివర్లో ఆ పదాన్ని తగిలించేయడమే. వ్యాకరణం తప్పు పట్టడానికి లేదు, పదం వాడలేదనడానికి లేదు, పైగా అబద్ధం కూడా కాదు. అంత ధైర్యం లేనివాళ్లు 'హీ ఈజ్' అని మొదలుపెట్టి ఏ విశేషణాన్నైనా అతికించేవాళ్లు. హీ ఈజ్ ఫ్రూగల్. హీ ఈజ్ గ్యారులస్. హీ ఈజ్ లాకోనిక్. ఆ 'హీ' ఎవరు, ఏం చేశాడు, పాపం అతన్ని అంత మాట ఎందుకన్నారు అని అడిగే నాథుడు లేడు.

ఒక మాస్టారు వచ్చాక ఆ ఆటలు సాగలేదు. ఆయనది కోపం తక్కువ, ఓపిక ఎక్కువ. నోటుబుక్కు తీసుకుని, వాక్యంలో కొత్త పదం మీద బొటనవేలు పెట్టి మూసేసేవారు. తర్వాత దాన్ని పక్క బెంచీలో ఎవరో ఒకరి ముందు పెట్టి, "ఇక్కడ ఏ మాట ఉండాలిరా?" అని అడిగేవారు. 'హీ ఈజ్' తర్వాత వేలు ఉంటే వాడేం చెప్తాడు? ఒకడు టాల్ అంటాడు, ఒకడు రిచ్ అంటాడు. వెనక బెంచీ నుంచి డెడ్ అనేవాడు ప్రతిసారీ ఒకడుండేవాడు. మాస్టారు నవ్వేవారు కాదు. "చూశావా, నీ వాక్యంలో చచ్చినవాడు కూడా పట్టేశాడు. మరి లాకోనిక్ ఎక్కడుంది?" అని సున్నా చుట్టి పుస్తకం తిరిగి ఇచ్చేవారు.

సరిగ్గా అదే పదం చెప్పక్కర్లేదు. దానికి దగ్గర అర్థం వచ్చే మాట తట్టినా చాలు, ఆ వాక్యం పాసైనట్టే. వినడానికి ఇంతే. రాయడానికి కూర్చుంటే మాత్రం చెమటలు పట్టేవి. అర్థం కంఠస్థం చేసినవాడికి కూడా అక్కడ దారి దొరికేది కాదు. వాక్యంలో ఒక మనిషి ఉండాలి, ఆ మనిషి ఏదో ఒకటి చేయాలి, ఆ చేసినదాన్ని బట్టే మూసిన పదం తెలిసిపోవాలి. అంటే ప్రతి పదానికీ బుల్లి కథ ఒకటి అల్లాలన్నమాట.

లాకోనిక్‌తో మొదట పాసైంది మా క్లాసులో ఒకమ్మాయి. తను రాసిన వాక్యం ఇదీ: హాస్టల్ కష్టాలన్నీ ఏకరువు పెడుతూ నాన్నకు నాలుగు పేజీల ఉత్తరం రాస్తే, ఆయన పంపిన లాకోనిక్ జవాబులో ఒకటే మాట ఉంది, 'స్టడీ' అని. మాస్టారు పదం మూసి అడిగితే ఇద్దరు ముగ్గురు ఒకేసారి 'షార్ట్' అన్నారు. ఆయన ఆ పుస్తకం పట్టుకుని వాక్యాన్ని క్లాసంతటికీ చదివి వినిపించారు. ఆ రోజు ఆమెకున్న డాబు చూడాలి!

అప్పుడే ఆ పదం పుట్టుక కూడా చెప్పారు. గ్రీసులో స్పార్టా ఉన్న ప్రాంతం పేరు లాకోనియా. అక్కడివాళ్లు మాటలు ఖర్చు పెట్టరని పేరు. మాసిడోనియా రాజు రెండో ఫిలిప్ వాళ్లను బెదిరిస్తూ, 'నేను మీ గడ్డ మీద అడుగుపెడితే మీ ఊళ్లన్నీ నేలమట్టం చేస్తాను' అని కబురు పంపాడట. వాళ్లు తిరిగి పంపిన జవాబు ఒక్క మాట: 'పెడితే.' ఇది విన్నాక లాకోనిక్ అంటే ఏమిటని మమ్మల్ని ఎవరూ మళ్లీ అడగాల్సిన పని లేకపోయింది.

పదం మూసి ఊహించమనడం మాస్టారి సొంత కల్పన అనుకున్నాం. చాలా ఏళ్ల తర్వాత తెలిసింది, దానికి దగ్గరి చుట్టం ఒకటి భాషా పరీక్షల్లో ఉందని. 1953లో విల్సన్ టేలర్ అనే అమెరికన్, ఒక పేరాలో వరస లెక్కన పదాలు తీసేసి చదివేవాళ్ల చేత పూరింపజేసే పద్ధతికి క్లోజ్ (cloze) అని పేరు పెట్టారు. పేరా ఎంత సులువుగా అర్థమవుతుందో కొలవడానికి ఆయన దాన్ని వాడారు. మా మాస్టారు దాన్ని తిరగేసి, రాసేవాడి మీద ప్రయోగించారు. ఆయన ఆ పేరు ఎప్పుడైనా విన్నారో లేదో మేం అడగలేదు.

డిగ్రీ చివరికి వచ్చేసరికి పదాల గోల ఇంకో రూపంలో నెత్తిన పడింది. అమెరికాలో పై చదువులకు వెళ్లాలంటే ఉండే ప్రవేశ పరీక్ష జీఆర్ఈ రాయాలి. అప్పట్లో దాని వెర్బల్ భాగానికి 200 నుంచి 800 వరకు స్కోరు. వ్యతిరేక పదాలు, అనాలజీలు అనే రెండు రకాల ప్రశ్నలకు పదాలు నోటికి రాకపోతే ఇంక అంతే సంగతులు. చినుకుకు కుండపోత ఎలాగో చిరుగాలికి ఏది అలాగ, ఇదీ అనాలజీ వరస. నాలుగు పదాల్లో ఒక్కటి తెలియకపోయినా మొత్తం గల్లంతే. అందుకని వేల పదాల జాబితాలు పట్టుకుని అందరం కూర్చున్నాం.

ఆ జాబితాలు అక్షరక్రమంలో ఉండేవి. అబేస్, అబాష్, అబేట్ అంటూ మొదలు. ఏ తో మొదలయ్యే పదాలకు మాలో ప్రతివాడూ పండితుడే. బి వరకు పర్వాలేదు. ఆ తర్వాత మధ్యలో ఎక్కడో వారం రోజులు ఆగిపోయి, మళ్లీ ఉత్సాహం వచ్చి, మొదటి నుంచి మొదలుపెట్టేవాళ్లం. దాంతో అబేస్ ఇంకోసారి గట్టిపడేది, జెడ్ దగ్గరున్న జెఫర్, జెలట్ ఎవరికీ పట్టని అనాథల్లా మిగిలిపోయేవి. అక్షరక్రమంతో ఇంకో చిక్కు కూడా ఉంది. ఒకేలా కనబడే పదాలు పక్కపక్కనే వచ్చి కూర్చుంటాయి. ఇంజీనియస్ అంటే చురుకైన బుర్ర ఉన్నవాడు, ఇంజెన్యువస్ అంటే కల్లాకపటం తెలియనివాడు. రెండూ ఒకే రోజు చదివితే మర్నాటికి తెలివైనవాడెవరో అమాయకుడెవరో తేలేది కాదు. పదాలు నేర్పడానికి అక్షరక్రమం అంత అన్యాయమైన వరస ఇంకోటి లేదని ఇప్పటికీ నా అభిప్రాయం. నిఘంటువులో వెతుక్కోవడానికి అది బంగారం, బుర్రలోకి ఎక్కించుకోవడానికి మాత్రం కాదు.

మా రూమ్మేటు ఒక అట్టపెట్టెలో అరలు చేసి పెట్టాడు. దళసరి కాగితాన్ని కార్డుల్లా కోసి, ముందు వైపు పదం, వెనక అర్థం. వచ్చిన కార్డు వెనక అరలోకి, రాని కార్డు మొదటి అరలోకి. మొదటి అర రోజూ తిరగేయాలి, వెనక అరలు అప్పుడప్పుడు. ఇది వాడికి ఎవరో సీనియర్ చెప్పింది. ఈ పెట్టెను జర్మన్ భాషలో పుస్తకం రాసి ప్రచారంలోకి తెచ్చింది సెబాస్టియన్ లైట్నర్ అనే ఆయన, 1972లో. దానికి చాలా ముందే, 1885లో, హెర్మన్ ఎబింగ్‌హౌస్ అర్థంలేని అక్షరాల ముక్కలు తానే బట్టీపట్టి, ఎంతసేపటికి ఎంత మర్చిపోతున్నాడో లెక్కకట్టి అచ్చు వేశాడు. మర్చిపోవడం మొదట్లో జోరుగా ఉండి తర్వాత నెమ్మదిస్తుందని, ఒకేసారి రుద్దేకంటే ఎడం ఇచ్చి చదివితే నిలుస్తుందని ఆయన చూపించాడు. మాకు ఈ పేర్లేమీ తెలియవు. మా రూమ్మేటుకు తెలిసిందల్లా, మొదటి అర ఎప్పుడూ నిండుగా ఉంటుందని.

రాత్రి లైటు తీసేశాక అసలు తమాషా. ఒక మంచం మీంచి ప్రశ్న, ఇంకో మంచం మీంచి జవాబు.

"అబ్‌స్ట్రూస్?"

"ఓ పట్టాన అర్థం కానిది."

"అబ్‌స్టీమియస్?"

"తిండి, తాగుడు మితంగా ఉండేవాడు."

"ఎనర్వేట్?"

"హుషారు ఇవ్వడం."

"కాదురా, హుషారు పీకేయడం."

"మరి ఎనర్జీ ఉంది కదరా అందులో?"

"లేదు. నరం పీకేయడం అని లాటిన్లో. పడుకో."

ఇక కొండగుర్తులు. వీటిలో తెలుగువాళ్లను మించినవాళ్లు లేరనుకుంటాను. ఇంగ్లీషు పదంలో ఎక్కడో ఒక తెలుగు ముక్క వినబడాలి, అంతే, దానికి అర్థాన్ని ముడేసేవాళ్లం. 'గారూ గారూ' అంటూ వెంటపడి వదలకుండా వాగేవాడు గ్యారులస్. మెండుగా అబద్ధాలాడేవాడు మెండేషస్. పర్సు మూసేసి కూర్చున్నవాడు పార్సిమోనియస్. ముఖం పాలిపోతే పాలిడ్. కాకులు ఫోన్లో మాట్లాడుకుంటే వచ్చే కర్ణకఠోరమైన గోల కాకోఫోనీ. ఈ చివరిది ఎవరి సృష్టో గుర్తులేదు కానీ, హాస్టల్ మొత్తం ఒక్క రోజులో పాకిపోయింది. ఉచ్చారణ సరిగ్గా లేదని ఎవరైనా అంటే, "పరీక్షలో పలకమని అడగడు కదా" అని నోరు మూయించేవాళ్లం.

ఇదంతా పిల్లచేష్ట అని అప్పుడు మాకూ లోపల అనుమానమే. తర్వాత చదివితే, స్టాన్‌ఫర్డ్‌లో అట్కిన్సన్ అనే శాస్త్రవేత్త తన సహచరుడితో కలిసి 1975లో ఇదే పద్ధతితో రష్యన్ పదాలు నేర్పి చూశారట. రష్యన్ పదంలో వినబడే ఇంగ్లీషు ముక్కను పట్టుకుని, దాన్ని అర్థంతో కలిపి మనసులో బొమ్మ కట్టుకోమన్నారు. అలా నేర్చుకున్నవాళ్లకు మామూలుగా నేర్చుకున్నవాళ్లకంటే ఎక్కువ పదాలు గుర్తున్నాయి. కాకుల ఫోనుకు శాస్త్రం తోడుందన్నమాట.

అయితే కొండగుర్తు అర్థం దాకా తీసుకెళ్లి గుమ్మం దగ్గర వదిలేస్తుంది, లోపలికి రాదు. పార్సిమోనియస్ అంటే పిసినారి అని వచ్చేసింది సరే. అది మనిషికి మాత్రమే వాడతామా, శాస్త్రవేత్త ఒక సిద్ధాంతాన్ని పార్సిమోనియస్ అని మెచ్చుకుంటే అది తిట్టా పొగడ్తా? పాలిడ్ అన్నది ముఖానికి సరే, వెలిసిపోయిన చొక్కాకు చెప్పొచ్చా? కార్డు వెనక ఉన్న రెండు మాటల అర్థం వీటికి జవాబు చెప్పదు. ఈ సంగతి మా ఇద్దరికీ తట్టింది లైబ్రరీలో.

అక్కడ రిఫరెన్స్ బల్ల మీద, పేజీల అంచులు నల్లబడిన ఒక పెద్ద నిఘంటువు ఉండేది, ఇంగ్లీషు నేర్చుకునేవాళ్ల కోసం చేసింది. ఒక్కో పదం కింద అర్థం ఒక ముక్కలో ఉంటే, వాక్యాలు రెండు మూడు ఉండేవి. ముందుమాట చదివే అలవాటు మా రూమ్మేటుకు ఉండేది (నవలకు కూడా ముందుమాట చదివేవాడు, అదొక జబ్బు). ఈ రకం నిఘంటువులకు బాట వేసినవాళ్లలో ఒకడు ఎ. ఎస్. హార్న్‌బీ. జపాన్‌లో ఇంగ్లీషు చెప్పే పంతులు. పరాయి భాషవాళ్లకు ఎక్కడ చిక్కు వస్తుందో తరగతిలో చూసి చూసి, క్రియ తర్వాత ఏం రావాలి, ఏది రాకూడదు అన్నది కూడా నిఘంటువులోనే పెట్టాడు. అది 1942లో టోక్యోలో అచ్చయింది, 1948లో ఆక్స్‌ఫర్డ్ వాళ్లు మళ్లీ వేశారు. పంతులు చేసిన నిఘంటువు అని తెలిశాక దాని మీద నాకు గౌరవం పెరిగింది. ఎందుకంటే, వాక్యంలో పెట్టి చూపించు అనే పట్టుదల పంతుళ్లకే ఉంటుంది.

పంతుళ్లకే అని అనేశాను గానీ, అది నిఘంటువులు రాసేవాళ్లందరి జబ్బేనని తర్వాత తెలిసింది. శామ్యూల్ జాన్సన్ 1755లో తెచ్చిన నిఘంటువులో 42,000 పైచిలుకు పదాలు. ఆయన గొప్పతనం పదాల లెక్కలో లేదు, వాటి కింద కవుల నుంచి, రచయితల నుంచి ఏరి పెట్టిన వాక్యాల్లో ఉంది. నిఘంటువు రాసేవాడు అన్న మాటకు ఆయన ఇచ్చిన అర్థంలో, ఎవరికీ హాని చేయకుండా గొడ్డుచాకిరీ చేసేవాడు అన్న ముక్క ఉంటుంది. అంత పని చేసినవాడు తన మీద తాను వేసుకున్న జోకు కాబట్టి అది చెల్లింది.

ఆక్స్‌ఫర్డ్ పెద్ద నిఘంటువు సంగతి ఇంకా విడ్డూరం. దాని సంపాదకుడు జేమ్స్ మర్రే 1879లో జనానికి ఒక విన్నపం చేశాడు, మీరు చదివే పుస్తకాల్లో పదం కనబడ్డ వాక్యాన్ని చీటీ మీద రాసి పంపండి అని. ఎక్కడెక్కడి వాళ్లో పంపారు. లక్షల కొద్దీ చీటీలు. ఆయన తోటలో వేసుకున్న ఇనుప షెడ్డులో గూళ్లు చేసి వాటిని సర్దేవారు. మొదటి భాగం 1884లో వచ్చింది, చివరిది 1928లో. మర్రే 1915లోనే పోయాడు.

ఇది చదివిన సాయంత్రం మా రూమ్మేటు తన అట్టపెట్టె ముందు కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మనదీ చీటీల పెట్టే, ఆయనదీ చీటీల పెట్టే. ఆయన చీటీ మీద వాక్యం ఉంది, మన చీటీ మీద లేదు. అదీ తేడా" అన్నాడు. ఆ రాత్రే వెనక వైపున అర్థాలు కొట్టేసి వాక్యాలు రాయడం మొదలుపెట్టాం. పదాల సంఖ్య పడిపోయింది, పక్క రూముల వాళ్లు మమ్మల్ని దాటేసి ఎం లోకి వెళ్లిపోయారు. మేం జి దగ్గర వాక్యాలు రాసుకుంటూ కూర్చున్నాం. ఆ రోజుల్లో దాన్ని అందరూ టైమ్ వేస్ట్ అన్నారు, మాకూ లోపల టెన్షన్‌గానే ఉండేది. అయితే ఆ కార్డుల మీది పదాలు ఈరోజుకీ నా దగ్గర ఉన్నాయి, అంతకు ముందు బట్టీ పట్టినవాటిలో సగం ఎప్పుడు వెళ్లిపోయాయో కూడా తెలియదు.

వాక్యాలు రాస్తూ పోతే ఇంకో సంగతి బయటపడింది. కొన్ని పదాలు ఒంటరిగా తిరగవు. అల్టీరియర్ వచ్చిందంటే వెనకే మోటివ్ వస్తుంది. మిటిగేట్, అంటే తీవ్రత తగ్గించడం, అన్నామంటే నష్టమో ప్రమాదమో బాధో ఉండాలి, సంతోషాన్ని ఎవరూ మిటిగేట్ చేయరు. ఎగ్రీజియస్ వెంట ఎప్పుడూ ఏదో ఒక ఘోరం ఉంటుంది, ఒకప్పుడు అదే మాట మెచ్చుకోలుగా వాడేవారట. ఇది మనకు కొత్తేం కాదు. వాన కురుస్తుంది, ఎండ కాస్తుంది, గాలి వీస్తుంది, మంచు పడుతుంది. ఎండ కురిసిందని ఎవరైనా అంటే అతను కవి అయినా అయి ఉండాలి, కొత్తగా తెలుగు నేర్చుకుంటున్నవాడైనా అయి ఉండాలి. మనకు ఇవన్నీ ఎవరూ కార్డుల మీద రాసి నేర్పలేదు. జె. ఆర్. ఫర్త్ అనే భాషావేత్త 1957లో ఈ మాటే అన్నాడు, పదం ఎవరి సావాసం చేస్తుందో చూస్తే అదేమిటో తెలుస్తుందని. మనుషుల గురించి మన పెద్దవాళ్లు అనేదీ ఇదేగా.

ఈ వాక్యాల పిచ్చి ఇంట్లోకి కూడా వెళ్లింది. అక్క అప్పటికే వేరేచోట చదువుతోంది. ఇద్దరం ఉత్తరాలు రాసుకునేటప్పుడు ఒక ఒప్పందం పెట్టుకున్నాం, ప్రతి ఉత్తరంలో కొత్త పదాలు ఉండాలి, వాటికి అర్థం రాయకూడదు, చదివినవాళ్లే గ్రహించాలి. నేను రాసినవన్నీ చప్పగా ఉండేవి. అక్కకు మాత్రం చేయి తిరిగింది. 'మన ఇంట్లో సలహాలు యుబిక్విటస్, ఏ గదిలోకి వెళ్లినా దొరుకుతాయి' అని రాసింది ఒకసారి. ఇంకోసారి, కాలేజీ టూరుకు అనుమతి అడిగిన కథంతా రాసి, చివర్లో ఇలా ముగించింది: 'అమ్మ నో అంటే అన్‌ఈక్వివోకల్. నాన్న నో అంటే, అరగంట ఆగి మళ్లీ అడగమని.' ఆ వాక్యాన్ని మాస్టారి దగ్గరికి తీసుకెళ్లి, వేలు పెట్టి మూసి మరీ చూపించాలనిపించింది. అప్పటికి ఆయన వేరే ఉద్యోగానికి వెళ్లిపోయారు.

ప్రొక్రాస్టినేట్ కూడా అక్క దగ్గర నేర్చుకున్నదే. లాటిన్లో క్రాస్ అంటే రేపు. రేపటికి తోసేయడమే ప్రొక్రాస్టినేషన్. 'నీకు వెంటనే జవాబు రాద్దామనే కూర్చున్నాను, ప్రొక్రాస్టినేషన్ నాకంటే ముందే పెన్ను అందుకుంది' అన్నది తన సాకు. ఆ ఉత్తరం రెండు నెలలు ఆలస్యంగా వచ్చింది.

మూలాలు తెలిస్తే పదాలు గుంపులుగా వచ్చేస్తాయని అందరూ అంటారు. నిజమే, లోక్వి అంటే మాట్లాడటం అని ఒకసారి తెలిస్తే ఎలోక్వెంట్, లొక్వేషస్, కలోక్వియల్, సొలిలోక్వీ అన్నీ ఒక తాడుకు వచ్చేస్తాయి. కానీ నాకు ఆ తాళ్ల మీద అంత మోజు ఉండేది కాదు. నన్ను పట్టేసినవి కథలున్న పదాలు. తీరంలో కాపలా కాస్తున్నంత ఓపికగా నిఘంటువు పేజీలు తిప్పుతుంటే ఒక రోజు బ్యాండికూట్ దగ్గర ఆగిపోయాను. దాని పుట్టుక దగ్గర తెలుగు అని రాసి ఉంది. పందికొక్కు! అన్ని వేల పదాల మధ్య, గ్రీకులు, లాటిన్లు, ఫ్రెంచివాళ్ల మధ్యలో మన పందికొక్కు దర్జాగా కూర్చుని ఉంది. ఆ మాటను రూమ్మేటుకు చెప్పడానికి లైబ్రరీ మెట్లు ఎలా దిగానో నాకే తెలియదు. "పోనీలే, మనవాళ్లు ఒకరున్నారు" అన్నాడు వాడు.

పెద్ద పదాలు చేతికొచ్చాక అవి వాడాలని చేయి దురద పెట్టే కాలం ఒకటి అందరికీ వస్తుంది. మా బ్యాచ్‌లో అది సెలవు చీటీల్లో బయటపడింది. తలనొప్పి అని రాయడం మానేసి అందరం ఇన్‌డిస్పోజ్డ్ అయ్యాం. ఒకడు మెస్ నోటీసు బోర్డు మీద సాంబారును ఇన్సిపిడ్, అంటే చప్పిడి, అని తిట్టాడు, వంటవాళ్లు దాన్ని మెప్పు అనుకుని నవ్వారు. లాటిన్ కవి హోరేస్ ఎప్పుడో వీటిని అడుగున్నర పొడవు మాటలు అని వెక్కిరించాడు, ఇంగ్లీషులో సెస్క్విపెడేలియన్ అన్న మాట అక్కణ్ణించి వచ్చిందే. పొడుగాటి మాటలను వెక్కిరించే మాట కూడా అంత పొడుగ్గా ఉండటం నాకు ఎప్పటికీ నచ్చే సంగతి.

ఇంగ్లీషులో ఒకే పనికి మూడేసి మాటలు ఎందుకుంటాయో మాస్టారు ఎప్పుడో చెప్పారు, అది అర్థమైంది మాత్రం ఈ దశలోనే. ఆస్క్ పాత ఇంగ్లీషుది, క్వశ్చన్ ఫ్రెంచి దారిలో వచ్చింది, ఇంటరాగేట్ లాటిన్‌ది. అమ్మ ఆస్క్ చేస్తుంది, లాయరు క్వశ్చన్ చేస్తాడు, పోలీసు ఇంటరాగేట్ చేస్తాడు. అర్థాల పట్టికలో ముగ్గురూ ఒకే వరసలో ఉంటారు. ఇంట్లో మాత్రం అమ్మ ఇంటరాగేట్ చేస్తోందంటే అది ఫిర్యాదు. జార్జ్ ఆర్వెల్ 1946లో రాసిన వ్యాసంలో చిన్న మాట సరిపోయేచోట పెద్ద మాట వాడొద్దని గట్టిగా చెప్పాడు. నేను దాన్ని పూర్తిగా ఒప్పుకోను. చిన్న మాట సరిపోతే సరే. అక్క రాసిన అన్‌ఈక్వివోకల్ బదులు అక్కడ క్లియర్ అని పెట్టి చదవండి, అమ్మ గొంతు వినబడదు.

ఆ పరీక్ష ఇప్పుడు అలా లేదు. 2011 ఆగస్టులో జీఆర్ఈ మార్చేసి, వ్యతిరేక పదాలు, అనాలజీలు రెండూ ఎత్తేశారు. స్కోరు కూడా 130 నుంచి 170 అయింది. పేరాలో ఖాళీలిచ్చి, ముందూ వెనకా చదివి తగిన పదం ఎంచుకోమంటున్నారు. మా మేనకోడలు దానికి చదువుతుంటే చూశాను. ఫోన్లో యాప్ ఉంది, ఏ పదం ఎప్పుడు మళ్లీ అడగాలో అదే లెక్కేసుకుంటుంది, అట్టపెట్టె, అరలు ఏమీ అక్కర్లేదు. "మామయ్యా, అసలు ఎన్ని పదాలొస్తే చాలు?" అని అడిగింది. పాల్ నేషన్ అనే పరిశోధకుడు 2006లో కట్టిన లెక్క చెప్పాను, నవలో పేపరో ఎవరి సాయం లేకుండా చదువుకోవాలంటే 8,000 నుంచి 9,000 పద కుటుంబాలు (ఒక పదం, దాని రూపాలన్నీ కలిపి ఒక కుటుంబం) కావాలని. వాటిలో చాలామటుకు తనకు ఇప్పటికే వచ్చు. అది విని తనకు ధైర్యం రావాలి, రాలేదు. "అంటే మిగిలినవే పరీక్షలో ఇస్తారు కదా" అంది. తెలివైన పిల్ల.

టాసిటర్న్‌కు, రెటిసెంట్‌కు తేడా తనకు నేను చెప్పాల్సి వచ్చింది. రెండింటికీ యాప్‌లో దాదాపు ఒకే అర్థం ఉంది, మితభాషి అని. నేను అర్థం చెప్పలేదు. మనకు తెలిసిన ఇద్దరి పేర్లు చెప్పాను. ఒకరు క్రికెట్ గురించైనా రాజకీయాల గురించైనా రెండు ముక్కలకు మించి మాట్లాడరు. ఇంకొకరు గంటలు గంటలు కబుర్లు చెప్తారు, జీతం ఎంత అని అడిగితే మాత్రం నోరు మెదపరు. "మొదటాయన టాసిటర్న్, రెండో ఆయన జీతం దగ్గర రెటిసెంట్" అని తనే తేల్చేసింది. ఆ ఇద్దరికీ తాము ఇలా పనికొచ్చామని తెలియదు.

రూమ్మేటు పెట్టెలోంచి కొన్ని కార్డులు పంపకాల్లో నాకు వచ్చాయి. మొన్న అవి బయటపడితే తిరగేశాను. చాలావాటి వెనక వాడి చేతిరాతో నాదో ఉంది. ఒక్క పల్క్రిట్యూడ్ వెనక మాత్రం ఖాళీ. అందం అని దానర్థం, వినడానికేమో చర్మవ్యాధి పేరులా ఉంటుంది. ఇన్నేళ్లలో ఒక్కరి నోట వినలేదు, నేనూ వాడింది లేదు. మా ఆవిడను పొగుడుతూ ఆ మాట అంటే ఏమవుతుందో ఊహించడం కష్టం కాదు. వ్యతిరేక పదాల ప్రశ్నలు పోయాక దానికి ఉన్న ఆ ఒక్క ఉద్యోగమూ పోయి ఉంటుంది. ఫోటో తీసి అక్కకు పంపి, వాక్యం రాయమన్నాను. ఈసారి రెండు నెలలు పట్టలేదు, పది నిమిషాల్లో వచ్చింది: 'పల్క్రిట్యూడ్ అనే మాటకు అన్నీ ఉన్నాయి, పల్క్రిట్యూడ్ తప్ప.'

కార్డు వెనక అదే రాసి, రూమ్మేటుకు కూడా పంపాను. "రెండుసార్లు వాడింది, ఏది మూయాలి?" అని అడిగాడు వాడు.